కీమోథెరపీ వికారానికి గంజాయి మందు: ఒక చికిత్స చరిత్ర

క్యాన్సర్‌ కణాలను చంపే మందుల్లో చాలావాటికి వికారం, వాంతులు తెప్పించే గుణం ఉంది. వాటిని అదుపు చేయడానికి గంజాయి మొక్కలోని రసాయనాలను, వాటి పోలికతో ప్రయోగశాలలో తయారైన పదార్థాలను వాడే పద్ధతి 1970లలో అమెరికాలో మొదలైంది. ఈ రసాయనాలన్నిటికీ కలిపి కెనాబినాయిడ్లు అని పేరు. వాటిలో రెండింటికి 1985లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఆరేళ్లు గడిచేసరికి వాటికంటే మేలైన వాంతి మందు వచ్చింది. కెనాబినాయిడ్లు రెండో వరసకు జరిగాయి. అయినా వైద్యం నుంచి పూర్తిగా తప్పుకోలేదు. వాంతి ఆగినా వికారం ఆగని రోగులు ఇప్పటికీ ఉండటమే అందుకు కారణం.

కీమోథెరపీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పుట్టింది. యుద్ధంలో విషంగా వాడిన మస్టర్డ్‌ వాయువుకు దగ్గరి చుట్టమైన నైట్రోజన్‌ మస్టర్డ్‌ను 1942లో యేల్‌ విశ్వవిద్యాలయ వైద్యులు లింఫు గ్రంథుల క్యాన్సర్‌ ఉన్న రోగికి ఎక్కించారు. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ ల్యుకేమియాతో ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్‌ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మందు లెడర్లీ కంపెనీలో తయారైంది; అక్కడి పరిశోధన బృందాన్ని నడిపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఫార్బర్‌ ప్రచురించిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ తర్వాత అమినోప్టెరిన్‌ స్థానంలోకి వచ్చి ఈనాటికీ వాడుకలో ఉంది.

మందులు పెరిగిన కొద్దీ వాటి బాధలూ పెరిగాయి. 1978 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్‌తో ఈ సమస్య పతాక స్థాయికి చేరింది. వృషణాల క్యాన్సర్‌ను నయం చేయగలిగిన ఈ ప్లాటినం మందు, వాంతి మందు ముందుగా ఇవ్వకపోతే నూటికి 90 మందికి పైగా వాంతులు తెప్పిస్తుంది. అవి గంటల తరబడి సాగుతాయి. కొందరిలో రెండు మూడు రోజుల తర్వాత కూడా తిరగబెడతాయి. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోతాయి. తిండి సహించదు, బరువు పడిపోతుంది. ఒకటి రెండు విడతలు ఇలా గడిచాక మనసు కూడా ఆ బాధను నేర్చుకుంటుంది: ఆసుపత్రి వాసన సోకినా, మందు ఎక్కించే గది కనిపించినా, సూది పడకముందే కడుపులో తిప్పడం మొదలవుతుంది. నయమయ్యే అవకాశం ఉండి కూడా ఈ బాధ భరించలేక చికిత్స మధ్యలో మానేసినవారున్నారు. ఆనాడు వైద్యుల చేతిలో ఉన్న ప్రధానమైన వాంతి మందు ప్రోక్లోర్‌పెరజీన్‌. మానసిక వ్యాధులకు వాడే మందుల వర్గానికి చెందిన ఆ మాత్ర సాధారణ వాంతులకు పనిచేసేది గాని, కీమోథెరపీ ముందు చాలాసార్లు చేతులెత్తేసేది.

గంజాయిని వైద్యానికి వాడటం అమెరికా కనిపెట్టిన విషయం కాదు. భారతదేశంలో భంగును, గంజాయిని జీర్ణ సమస్యలకు వాడటం పాత అలవాటు. 1839లో కలకత్తా మెడికల్‌ కాలేజీలో పనిచేస్తున్న ఐరిష్‌ వైద్యుడు విలియం ఓషానెస్సీ ఆ వాడుకను గమనించి, ముందు జంతువుల మీద, తర్వాత రోగుల మీద గంజాయి సారాన్ని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ధనుర్వాతం, కీళ్లనొప్పులు, కలరా, కుక్కకాటు వ్యాధి ఆయన ప్రయత్నించిన వాటిలో ఉన్నాయి. ఆయన ద్వారా గంజాయి టింక్చర్‌ ఇంగ్లండు, అమెరికా మందుల షాపుల దాకా వెళ్లింది. కానీ అది నిలకడలేని మందు. ఏ సీసాలో ఎంత బలం ఉందో తెలియదు, ఒకే మోతాదు ఒక రోగిని తాకనే తాకదు, మరొక రోగిని తెలివి తప్పిస్తుంది. ఆస్పిరిన్‌ లాంటి కచ్చితమైన మందులు వచ్చాక దాని గిరాకీ తగ్గింది. అమెరికా 1937లో గంజాయి మీద భారీ పన్ను చట్టం తెచ్చింది, 1942లో అధికారిక ఔషధ గ్రంథం నుంచి దాన్ని తొలగించింది, 1970 చట్టంలో వైద్య ప్రయోజనం లేని పదార్థాల మొదటి షెడ్యూల్లో చేర్చింది. రోగులు దాని ఉపయోగాన్ని మళ్లీ కనుక్కునే నాటికి గంజాయి దగ్గర ఉంచుకోవడమే అక్కడ నేరం.

మొక్కలో పనిచేసే పదార్థం ఏమిటో కూడా 1960ల దాకా తెలియదు. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను 19వ శతాబ్దం మొదట్లోనే వేరుచేశారు. గంజాయి రసాయనాలు మాత్రం నూనెలో కరిగే జిగట పదార్థాలు, ఒకదానికొకటి అతి దగ్గరగా ఉండేవి, అందువల్ల స్ఫటికాలుగా విడదీయడం కష్టమైంది. ఇజ్రాయెల్‌లో రెహోవోత్‌లోని వైజ్‌మన్‌ సంస్థలో రాఫేల్‌ మెషూలం పోలీసులు పట్టుకున్న 5 కిలోల లెబనాన్‌ హషీష్‌ను అడిగి తెచ్చుకున్నారు. దాంతో 1963లో మత్తు కలిగించని సీబీడీ నిర్మాణాన్ని, 1964లో యెహియెల్‌ గావోనీతో కలిసి మత్తు కలిగించే టీహెచ్‌సీని వేరుచేసి దాని నిర్మాణాన్ని తేల్చారు. మోతాదును మిల్లీగ్రాముల్లో కొలిచి మాత్రలో పెట్టడం ఆ తర్వాతే సాధ్యమైంది. కొన్నేళ్లకు బోస్టన్‌లో క్యాన్సర్‌ రోగుల మీద జరిగిన పరీక్షకు ఈ పని పునాది.

1970ల మొదట్లో బోస్టన్‌లో క్యాన్సర్‌ చికిత్స పొందుతున్న యువకులు కొందరు వైద్యులకు ఒక మాట చెప్పసాగారు: మందు ఎక్కించడానికి ముందు గంజాయి పీలిస్తే వాంతులు రావడం లేదని, పైగా ఆకలి వేస్తోందని. హార్వర్డ్‌ మనోవైద్యుడు లెస్టర్‌ గ్రిన్‌స్పూన్‌ తన ఇంట్లోనే దాన్ని చూశారు. 1971లో గంజాయి మీద పేరొందిన పుస్తకం రాసిన ఆయన, ల్యుకేమియాతో బాధపడుతున్న తన కొడుకుకు దాన్ని ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. చట్టవిరుద్ధమైన పని ఆసుపత్రి వైద్యులను చిక్కుల్లో పడేస్తుందని ఆయన భయం. ఆయన భార్య ఊరుకోలేదు. స్థానిక హైస్కూలు కుర్రాళ్ల ద్వారా గంజాయి సంపాదించి, చికిత్సకు ముందు కొడుకు చేత పీల్పించారు. ఆ రోజు అబ్బాయి వాంతి చేసుకోలేదు. ఇంటికి వెళ్లే దారిలో తినడానికి అడిగాడు. ఈ సంగతి క్యాన్సర్‌ వైద్యుడు ఎమిల్‌ ఫ్రై చెవిన పడింది. ప్రయోగం చేయాలన్న ఆలోచనకు అదొక ఊతమైందని గ్రిన్‌స్పూన్‌ తర్వాత రాశారు.

స్టీఫెన్‌ శాలన్‌, నార్మన్‌ జిన్‌బర్గ్‌, ఎమిల్‌ ఫ్రై కలిసి చేసిన ఆ పరీక్ష 1975 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో అచ్చయింది. 22 మంది రోగులకు కొన్ని విడతల్లో టీహెచ్‌సీ మాత్ర, మరికొన్ని విడతల్లో మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. లెక్కకు అందిన 20 టీహెచ్‌సీ విడతల్లో 14 విడతల్లో వాంతులు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 22 విడతల్లో ఒక్కదానిలోనూ తగ్గలేదు. మత్తు అనుభవిస్తున్న సమయంలో ఎవరూ వాంతి చేసుకోలేదన్నది ఆ పత్రంలోని మరో గమనిక. వాంతిని ఆపే గుణాన్ని మత్తు నుంచి విడదీయగలమా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. దానికి ఇంకా పూర్తి సమాధానం దొరకలేదు.

తర్వాతి పరీక్షలు అన్నీ ఒకే దారిలో నడవలేదు. 1979లో మేయో క్లినిక్‌ బృందం 116 మంది రోగులను పరీక్షించింది. వీరి సగటు వయసు 60 దాటింది. టీహెచ్‌సీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసినా, ప్రోక్లోర్‌పెరజీన్‌ను మించలేదు. పైగా చాలామంది దాని మత్తును, తల తిరగడాన్ని భరించలేకపోయారు. బోస్టన్‌ రోగుల్లో యువకులు ఎక్కువ, గంజాయి అనుభవం కొత్త కానివారూ ఉన్నారు. మేయోలో ఆ అనుభూతి పెద్దవయసువారికి అయోమయాన్ని, భయాన్ని కలిగించింది. ఒకే అణువు ఒకరికి హాయి, మరొకరికి కలవరం. ఈ తేడాను ఆ కాలపు వాదోపవాదాల్లో రెండు పక్షాలూ తక్కువగా పట్టించుకున్నాయని ఇప్పుడు ఆ పత్రాలు చదివితే తెలుస్తుంది.

అదే ఏడాది అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థలో జరిగిన పరీక్ష మరింత సూక్ష్మమైనది. ఎముక క్యాన్సర్‌కు అధిక మోతాదులో మెథోట్రెక్సేట్‌ తీసుకుంటున్న 15 మందిలో 14 మందికి టీహెచ్‌సీతో వికారం, వాంతులు తగ్గాయి. ఆ బృందం రక్తంలో టీహెచ్‌సీ ఎంత ఉందో కూడా కొలిచింది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నప్పుడు 44 శాతం సందర్భాల్లో బాధ కలిగింది. 10 దాటినప్పుడు అది 6 శాతానికి పడిపోయింది. అయితే అదే బృందం 1981లో అడ్రియామైసిన్‌, సైక్లోఫాస్ఫమైడ్‌ తీసుకునే రోగుల్లో ప్రయత్నిస్తే ఫలితం కనబడలేదు. కీమో మందు మారితే టీహెచ్‌సీ పనితనమూ మారుతుందన్నమాట.

రక్తంలోకి చేరడమే ఈ మాత్రకు పెద్ద అడ్డంకి. మింగిన టీహెచ్‌సీలో ఎక్కువ భాగాన్ని కాలేయం ముందుగానే మార్చేస్తుంది. రక్తానికి చేరేది పది నుంచి ఇరవై శాతం మాత్రమే. ప్రభావం కనబడటానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఒక్కో రోగిలో ఒక్కోలా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వాంతులు పెట్టుకుంటున్న మనిషికి మాత్ర కడుపులో నిలవదు. పొగ అలా కాదు. నిమిషాల్లో పనిచేస్తుంది, చాలు అనిపించగానే ఆపేయవచ్చు. రోగులు చుట్టిన గంజాయినే ఎందుకు కోరారో, అధికారులు మాత్రనే ఎందుకు కోరారో ఈ తేడా చెబుతుంది. పొగలో ఊపిరితిత్తులకు చేటుచేసే పదార్థాలున్నాయన్న అధికారుల మాట నిజం. మింగలేని మందు వల్ల లాభం లేదన్న రోగుల మాటా నిజమే.

రోగుల ఈ కోరికను చట్టసభకు తీసుకెళ్లిన మొదటి రాష్ట్రం న్యూమెక్సికో. క్యాన్సర్‌తో బాధపడుతున్న లిన్‌ పియర్సన్‌ అనే యువకుడు శాసనసభ్యులను ఒక్కొక్కరినీ కలిసి తన అనుభవం చెప్పాడు. 1978లో ఆ రాష్ట్రం పరిశోధన పేరుతో రోగులకు గంజాయి అందించే చట్టం చేసింది. కేంద్ర సంస్థల అనుమతులు నెలల తరబడి సాగాయి. చట్టబద్ధంగా ఒక్క చుట్ట కూడా అందకముందే అదే ఏడాది ఆగస్టులో పియర్సన్‌ చనిపోయాడు. తర్వాత మొదలైన పథకానికి అతని పేరే పెట్టారు. న్యూయార్క్‌, కాలిఫోర్నియా, టెనెసీ, జార్జియా, మిషిగన్‌ రాష్ట్రాలు కూడా ఇలాంటి పథకాలు నడిపాయి. గంజాయి మిసిసిపీ విశ్వవిద్యాలయంలో కేంద్ర ప్రభుత్వం పెంచే తోట నుంచి వచ్చేది. 1980లో జాతీయ క్యాన్సర్‌ సంస్థ టీహెచ్‌సీ మాత్రలను క్యాన్సర్‌ ఆసుపత్రులకు విస్తృతంగా పంపిణీ చేయడం మొదలుపెట్టాక రాష్ట్రాల పథకాల అవసరం మెల్లగా తగ్గింది.

ఇదే కాలంలో ఎలై లిల్లీ కంపెనీ టీహెచ్‌సీని పోలిన నాబిలోన్‌ అనే కృత్రిమ పదార్థాన్ని తయారుచేసింది. 1979లో ప్రచురితమైన పరీక్షలో 113 మందిని లెక్కలోకి తీసుకుంటే, 80 శాతం మందికి నాబిలోన్‌తో ఉపశమనం కలిగింది. ప్రోక్లోర్‌పెరజీన్‌తో 32 శాతానికే. ఫైజర్‌ తయారుచేసిన లెవోనాన్‌ట్రడాల్‌ ఇంజెక్షన్‌ రూపంలో పరీక్షలకు వచ్చింది గాని, మార్కెట్‌ దాకా రాలేదు. 1985 మే నెలలో యునిమెడ్‌ కంపెనీ డ్రోనాబినాల్‌కు, డిసెంబరులో నాబిలోన్‌కు ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. డ్రోనాబినాల్‌ అంటే ప్రయోగశాలలో తయారైన టీహెచ్‌సీయే. అది నీటిలో కరగదు కాబట్టి నువ్వుల నూనెలో కలిపి మెత్తటి గుళికల్లో నింపారు. గంజాయి మొక్క మొదటి షెడ్యూల్లోనే ఉండిపోగా, దాని ముఖ్య రసాయనం గుళికలోకి ఎక్కి రెండో షెడ్యూలుకు, 1999లో మూడో షెడ్యూలుకు మారింది. విచిత్రంగా అదే 1985లో భారతదేశం మాదకద్రవ్యాల మీద ఎన్‌డీపీఎస్‌ చట్టం చేసి, లైసెన్సు దుకాణాల్లో అమ్ముడుపోతూ వచ్చిన గంజాయిని దేశమంతటా నిషేధించింది. ఆకులతో చేసే భంగు ఆ చట్టం పరిధి బయట మిగిలింది.

మొక్కకు కూడా వైద్య గుర్తింపు ఇవ్వాలన్న దావా అమెరికాలో ఏళ్లపాటు నడిచింది. 1988 సెప్టెంబరులో మాదకద్రవ్య నియంత్రణ సంస్థ సొంత న్యాయాధికారి ఫ్రాన్సిస్‌ యంగ్‌ సాక్ష్యాలన్నీ విని, కీమోథెరపీ వాంతులు సహా కొన్ని ఉపయోగాలకు గంజాయిని రెండో షెడ్యూలుకు మార్చాలని సిఫారసు చేశారు. ఆ సంస్థ అధిపతి 1989 చివర్లో దాన్ని తోసిపుచ్చారు. ఆసుపత్రుల్లో మాత్రం ఆచరణ వేరుగా ఉండేది. 1990లో రిక్‌ డాబ్లిన్‌, మార్క్‌ క్లైమన్‌ వెయ్యిమందికి పైగా క్యాన్సర్‌ వైద్యులను అడిగితే, 44 శాతం మంది కనీసం ఒక్క రోగికైనా చట్టవిరుద్ధమైన గంజాయిని సూచించామని ఒప్పుకున్నారు. ఉద్యోగానికి ముప్పు తెచ్చే ఇలాంటి జవాబును అంతమంది ఇచ్చారంటే, మాత్రతో సరిపడని రోగులు ఎంతమంది ఉండేవారో ఊహించవచ్చు.

సరిగ్గా అప్పుడే ఆండన్‌సెట్రాన్‌ వచ్చింది. కీమో మందు పేగు గోడలోని కొన్ని కణాలను దెబ్బతీస్తే అవి సెరటోనిన్‌ను విడుదల చేస్తాయి. అది వేగస్‌ నాడిని తట్టి మెదడు కాండంలోని వాంతి కేంద్రానికి కబురు పంపుతుంది. ఆండన్‌సెట్రాన్‌ ఆ కబురు వెళ్లే తలుపును మూస్తుంది. 1991 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు మత్తు కలిగించదు, సూదిగా ఇవ్వవచ్చు, మొదటి రోజు వాంతులను చాలామందిలో ఆపేస్తుంది. 2003లో అప్రెపిటెంట్‌ అనే మరో మందు తోడయ్యాక ఆలస్యంగా వచ్చే వాంతులు కూడా అదుపులోకి వచ్చాయి. లిల్లీ 1989లోనే అమెరికా మార్కెట్‌ నుంచి ఉపసంహరించుకున్న నాబిలోన్‌ 2006లో మరో కంపెనీ చేతిలో తిరిగొచ్చింది. కెనాబినాయిడ్ల పరీక్షల్లో అధికభాగం 1975కూ 1991కీ మధ్య జరిగినవే. అంటే వాటిని పోల్చింది పాత మందులతోనే. కొత్త మందులతో పోటీ పెట్టిన పరీక్షలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఈ మందు చరిత్రలో పెద్ద లోటు ఇదే.

కెనాబినాయిడ్లు ఎలా పనిచేస్తాయో తెలిసింది కూడా వాడుక తగ్గాకే. 1988లో సెయింట్‌ లూయీలో ఆలిన్‌ హౌలెట్‌, విలియం డెవేన్‌ టీహెచ్‌సీ అతుక్కునే గ్రాహకాన్ని ఎలుక మెదడులో గుర్తించారు. 1992లో జెరూసలెంలో డెవేన్‌, లుమీర్‌ హనూష్‌, మెషూలం ఆ గ్రాహకం కోసం శరీరమే తయారుచేసుకునే ఆనందమైడ్‌ను కనుగొన్నారు. వాంతిని నడిపించే మెదడు కాండ ప్రాంతంలో ఆ గ్రాహకాలు ఉన్నాయని తర్వాత తేలింది. కెనడాలోని గ్వెల్ఫ్‌ విశ్వవిద్యాలయంలో లిండా పార్కర్‌ ఎలుకల మీద, చుంచుల మీద చేసిన పరిశోధన విషయాన్ని మరింత విడమర్చింది. ఎలుక వాంతి చేసుకోలేదు, కానీ వికారం కలిగినప్పుడు ప్రత్యేకంగా నోరు తెరుస్తుంది. చుంచు వాంతి చేసుకుంటుంది. బాధ కలిగిన పెట్టెలోకి మళ్లీ పంపితే ఎలుక ముందే నోరు తెరవడం మొదలుపెడుతుంది. ఆసుపత్రి వాసనకే డోకు వచ్చే రోగి స్థితికి ఇది దగ్గరి నమూనా. ఈ ముందస్తు వికారాన్ని ఆండన్‌సెట్రాన్‌ తగ్గించలేదు, టీహెచ్‌సీ తగ్గించింది. కొత్త మందులు గెలిచిన యుద్ధం వాంతిది; వికారం దగ్గర వాటి బలం తక్కువ. కెనాబినాయిడ్లకు మిగిలిన చోటు అదే.

పిల్లల్లో జరిగిన ఒక ప్రయత్నం ఎక్కువ ప్రచారం పొందాల్సింది. జెరూసలెంలో వైద్యురాలు ఆయా అబ్రహామోవ్‌, మెషూలం కలిసి, మత్తు తక్కువగా ఉండే డెల్టా-8 టీహెచ్‌సీని నూనెలో కలిపి, రక్త క్యాన్సర్లున్న 3 నుంచి 13 ఏళ్ల వయసు పిల్లలకు చికిత్సకు రెండు గంటల ముందు, తర్వాత ఆరు గంటలకొకసారి ఇచ్చారు. 1995లో ప్రచురించిన వివరాల ప్రకారం 8 మంది పిల్లల్లో 480 చికిత్సల్లో వాంతులు పూర్తిగా ఆగాయి. ఉత్తుత్తి మందుతో పోల్చని చిన్న పరీక్ష కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోలేరు. కానీ ఇంత స్పష్టమైన ఫలితం తర్వాత పెద్ద పరీక్ష జరగకపోవడం బాధాకరం.

1996లో కాలిఫోర్నియా ఓటర్లు వైద్య గంజాయిని చట్టబద్ధం చేశారు. పరిశోధకులు మాత్రం పాత పరీక్షలను బేరీజు వేసే పనిలో పడ్డారు. 2001లో మార్టిన్‌ ట్రామేర్‌ బృందం 30 పరీక్షల్లోని 1,366 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చింది. కెనాబినాయిడ్లు పాత వాంతి మందులకంటే కొంత మెరుగని, రోగులు వాటినే ఎక్కువగా కోరుకున్నారని, తల తిరగడం, దిగులు, భ్రమలు, రక్తపోటు పడిపోవడం కూడా వాటితోనే ఎక్కువని తేల్చింది. 2015లో వైద్య పరీక్షలను బేరీజు వేసే కాక్రేన్‌ సంస్థ సమీక్ష 23 పరీక్షలను చూసి దాదాపు అదే మాట చెబుతూ, రుజువుల నాణ్యత గొప్పగా లేదని హెచ్చరించింది.

హెచ్చరికలు వేరే వైపుల నుంచీ వచ్చాయి. 2004లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌ వైద్యులు, ఏళ్ల తరబడి రోజూ గంజాయి వాడేవారిలో ఆగని వాంతులు రావడాన్ని వర్ణించారు. తక్కువ మోతాదులో వాంతిని ఆపే మందే అతిగా, దీర్ఘకాలం వాడితే వాంతిని తెప్పించగలదు. వ్యాధి నిరోధక శక్తిని క్యాన్సర్‌ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ తీసుకునే రోగుల్లో గంజాయి వాడినవారికి చికిత్స ఫలితం తక్కువగా కనబడిందని 2019లో ఇజ్రాయెల్‌ నుంచి వచ్చిన పరిశీలన తెలిపింది. వ్యాధి నిరోధక శక్తి పడిపోయిన మనిషికి శుద్ధి చేయని గంజాయిలోని బూజు ప్రాణాంతకం కాగలదు. భారతదేశంలో, ముఖ్యంగా విశాఖ మన్యం నుంచి దొంగదారిన వచ్చే సరుకు చుట్టుపక్కల దొరికే తెలుగు జిల్లాల్లో, రోగుల కుటుంబాలు ఇది తెలుసుకోవడం అవసరం: అందులో టీహెచ్‌సీ ఎంతో, పురుగుమందు ఎంతో ఎవరూ చెప్పలేరు. వైద్య, శాస్త్రీయ అవసరాలకు ఎన్‌డీపీఎస్‌ చట్టం దారి ఉంచింది. జమ్మూలోని సీఎస్‌ఐఆర్‌ సంస్థ అనుమతితో మొక్కను పెంచి ఔషధ పరిశోధన చేస్తోంది.

కొత్త మందులు వాడినా బాధ తగ్గని రోగుల్లో కెనాబినాయిడ్లను పరీక్షించిన సరైన ప్రయోగం ఆస్ట్రేలియాలో జరిగింది. టీహెచ్‌సీ, సీబీడీ చెరి 2.5 మిల్లీగ్రాములు ఉన్న గుళికలను, మామూలు వాంతి మందులకు తోడుగా, రోజుకు మూడుసార్లు ఇచ్చారు. 2020లో వచ్చిన తొలి ఫలితాల్లో వాంతి గాని, అదనపు మందు అవసరం గాని లేనివారు ఉత్తుత్తి గుళికతో 14 శాతం, మందు గుళికతో 25 శాతం. 2024లో 147 మందితో వచ్చిన పూర్తి ఫలితాల్లో ఉత్తుత్తి గుళికతో 8 శాతం, మందు గుళికతో 24 శాతం. మత్తు, తల తిరగడం ఎక్కువమందిలో కనబడ్డాయి. అదే ఏడాది అమెరికా క్యాన్సర్‌ వైద్యుల సంఘం ఏఎస్‌సీఓ మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రామాణిక మందులన్నీ ఇచ్చాక కూడా వికారం, వాంతులు లొంగని పెద్దవారికి డ్రోనాబినాల్‌ గాని, నాబిలోన్‌ గాని, నాణ్యత పరీక్షించిన టీహెచ్‌సీ–సీబీడీ గుళిక గాని జోడించవచ్చని అవి చెబుతాయి. క్యాన్సర్‌నే నయం చేసే మందుగా గంజాయిని వాడరాదని కూడా అవి స్పష్టం చేస్తాయి.